నడి గంగలో ఆగిన ఇంజను

జాన్సన్ సంచిలో ముందు రెండు చొక్కాలు పెట్టాడు. వాటి మీద బైబిలు పెట్టాడు. ఆ తరువాత, అన్నిటికంటే పదిలంగా, పాత తువ్వాలలో చుట్టిన టార్క్ రెంచిని పెట్టాడు.

లిడియా ద్వారబంధానికి భుజం ఆనించి చూస్తూ నిలబడింది. నాలుగు రోజులకు పోయే మగవాడు చొక్కాలు తీసుకుపోతాడు. పనిముట్టు తీసుకుపోయేవాడు మళ్లీ రావాలని పోడు.

"అది గూడనా?" అంది.

"అది నాది. బాపుకు అక్కెర లేనిది."

వంటింట్లో సత్తవ్వ జొన్నరొట్టె కొడుతోంది. రొట్టె కొట్టే చప్పుడులోనే ఆమె కోపం ఎంతుందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఈ పూట పీట విరిగేలా ఉంది.

"కాకినాడ అంటే ఏడున్నదో నాకు తెల్వదు కొడుకా. పోతున్నవా?"

"పోత అవ్వా. సముద్రం ఇంజన్ల షెడ్డుల పనున్నదన్నరు. ఈడ నేను జేసిన పని ఎవలికి పనికొస్తలేదు."

"పోత అనకు. పోయొస్త అను."

జాన్సన్ ఆ మాట అనలేదు. సంచి నోరు మూసి జిప్పు లాగాడు. అది చర్చి సభలకు ఇచ్చిన సంచి. దాని మీది సిలువ బొమ్మ ఎండకూ వానకూ వెలిసిపోయి, చూసేవాళ్లకు కూడిక గుర్తులాగా మిగిలింది.

నిన్న సాయంత్రం రేవులో జరిగిన దానికి ఈ సంచి. గంగ అంటే వాళ్లకు గోదావరి. దానికి ఇటు ఆదిలాబాద్ ఒడ్డు, అటు కరీంనగర్ ఒడ్డు. నడుమ ఉపేందర్‌రావు బోటు. దానిని నడిపేది జాన్సన్ తండ్రి అబ్రహాం. ఇంజను బాగుచేసేది జాన్సన్, లిడియా. పాతది అరిగిపోయిందని రావుగారు కాకినాడ నుంచి ఒక సముద్రపు ఇంజను తెప్పిస్తే, మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని నట్టు నట్టుగా విప్పి, కడిగి, కొత్తగా కట్టారు. పండుగలా బోటుకు ఎక్కించారు. నెల తిరగలేదు. నిన్న బోటు నిండా జనం ఉండగా ఇంజను తెల్లటి పొగ కక్కి నడి గంగలో చచ్చింది. చేపలవాళ్లు తాళ్లు కట్టి ఒడ్డుకు లాగారు.

దిగిన జనమంతా వింటుండగా అబ్రహాం అన్నాడు: "నా కొడుకు బిగించిన హెడ్డు. గడియారం సూసి బిగించిండు. చేతికి తెల్వంది గడియారానికి ఏం తెలుస్తది?"

హెడ్డు అంటే సిలిండర్ల మీది ఇనుప మూత. దాని బోల్టులు ఎంత బిగిశాయో చూపడానికి టార్క్ రెంచికి ముల్లు తిరిగే బిళ్ల ఉంటుంది. అబ్రహాం దానికి పెట్టిన పేరే గడియారం. తన కాలంలో ఆయన ఎన్నో పొలం ఇంజన్లను మోచేతి బలం కొలతగా బిగించినవాడు. ఆ మాట అన్నప్పటి నుంచి తండ్రీ కొడుకులకు మాటల్లేవు. రాత్రి ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి తిన్నారు.

"రైలుబండి ఎప్పుడు?" అని అడిగింది లిడియా.

"పగటీలి. మంచిర్యాలల."

"గట్లయితే ఇంక పొద్దున్నది. నేను పోయి హెడ్డు విప్పుత. తప్పు నీ బిగింపుల ఉంటే ఈ సంచి నేనే మోసి నిన్ను బండెక్కిస్త. లేకుంటే ఆ రెంచి మల్ల నా పెట్టెల వెయ్యాలె."

"నీకు గంత నమ్మకమా?"

"నువ్వు బిగిస్తుంటే పక్కన్నే ఉన్న గద. నడుమ నుంచి మొదలువెట్టి చివర్లకు పోయినవు, ఒక్కసారే గుంజకుండ వరుస మీద వరుస. తప్పు జేస్తే నీ నెత్తి మీద అప్పుడే ఒక్కటి ఏస్తుంటి."

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగింది.

"మొగడు ఇల్లు ఇడిసి పోతాంటే ఎవలన్న కాళ్లు పట్టుకుంటరు," అంది సత్తవ్వ పొయ్యి దగ్గరి నుంచే. "మా కోడలు ఇంజను పట్టుకుంటదట."

"కాళ్లు పట్టుకుంటే ఈ పూట ఆగుతడు అత్తమ్మా. తప్పు ఆయనది కాదని సూపెడితే రేపు గూడ ఆగుతడు."

సత్తవ్వ రొట్టెను పెనం మీద తిప్పింది.

*

బోటు ముక్కు మీద అబ్రహాం తాడు పేనుతూ కూర్చున్నాడు. కోడలు పానాల పెట్టెతో పలక మీదుగా ఎక్కింది. ఆయన తలెత్తలేదు. ఆమె వెనుక జాన్సన్ వచ్చాడు, సంచి భుజాన వేసుకుని. అది చూసి మాత్రం ఆయన చేతిలోని తాడు ఒక్క క్షణం ఆగింది.

తాడు పనిలో ఆ రేవులో ఆయనకు సాటి లేరు. ఆయన వేసే ముడి ఒకటుంది. ఎంత బరువు లాగినా బిగుసుకుంటుందే తప్ప జారదు. విప్పాలనుకుంటే మాత్రం సరైన కొస పట్టి ఒక్క గుంజు గుంజితే చాలు, పూసల దండ జారినట్టు విడిపోతుంది. ఇంకెవరు ప్రయత్నించినా అది పీటముడి అయ్యేది.

లిడియా ముందు ఇంజను నూనె చూసే పుల్ల బయటికి లాగింది. దాని కొసన నూనె నల్లగా లేదు. పాలెక్కువైన చాయలా ఉంది.

"నీళ్లు కలిసినయి," అంది ఎవరితోనో అన్నట్టు.

"గది నిన్ననే చెప్పిన," అన్నాడు అబ్రహాం తాడుతో. "హెడ్డు సక్కగ కూసోలే. సందులకెళ్లి నీళ్లు దిగినయి."

"దిగినయి మామా. ఏ సందులకెళ్లి దిగినయో గదే సూడాలె."

నట్లు ఒక్కొక్కటే సడలించింది. ఒకటి మొండికేసింది. పానా జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. పలక మీద సంచి పక్కన కూర్చున్న జాన్సన్ కదల్లేదు. ఆమె రెండోసారి గుంజి, మూడోసారి ఊపిరి బిగబట్టేసరికి లేచి వచ్చి పానా అందుకున్నాడు.

"నువ్వు పోయేటోనివి గద," అంది ఆమె.

"పోయేదాంక ఊకె కూసుంటనా?"

ఇద్దరూ కలిసి హెడ్డు లేపి గోనెసంచి మీద బోర్లించారు. హెడ్డుకూ ఇంజనుకూ మధ్య సందు లేకుండా పరిచే గ్యాస్కెట్‌ను ఆమె రెండు చేతులతో ఎత్తి ఎండకు పట్టింది. హెడ్డు సరిగ్గా కూర్చోకపోయి ఉంటే మంట సందు చేసుకుని ఎక్కడో ఒకచోట నల్లగా బాట వేసుకుని పోవాలి. గ్యాస్కెట్ చుట్టూ ముద్ర ఒకేలా పడి ఉంది, అప్పడం అంచులాగా.

"మామా, జర సూడుండ్రి."

అబ్రహాం వచ్చాడు. వంగి చూశాడు. వేలితో అంచంతా తడిమాడు. ఆయన పనివాడు. కోపంలో ఉన్నా కళ్లు అబద్ధం చెప్పనియ్యవు.

"గ్యాస్కెట్ మంచిగనే ఉన్నది," అన్నాడు. "అయితే హెడ్డు వంగింది. ఒక దిక్కు ఎక్కువ, ఒక దిక్కు తక్కువ బిగిస్తే గట్లనే వంగుతది."

లిడియా ఉక్కు స్కేలు తీసి హెడ్డు ముఖం మీద నిలువుగా పెట్టింది. అడ్డంగా పెట్టింది. మూల నుంచి మూలకు పెట్టింది. పెట్టిన ప్రతిసారీ జాన్సన్ ఆ స్కేలు కింద పలుచటి ఫీలర్ రేకు దూర్చబోయాడు. ఎక్కడా దూరలేదు, అంటే వంపు లేదు. చివరిసారి పెట్టేటప్పటికి అతని చెయ్యి గట్టిపడింది. భుజాలు లేచాయి. లిడియా ఆ భుజాలను చూసి తనలో తాను నవ్వుకుంది.

"ఇగ మిగిలింది పగులు," అంది. "అత్తమ్మా, ముగ్గుపిండి కావాలె."

సత్తవ్వ సద్ది మూట పట్టుకుని ఎప్పుడో వచ్చి ఒడ్డున నిలబడి ఉంది. కోపమని చెప్పుకుంటుంది గాని, కొడుకు ఆకలితో బండెక్కుతాడేమోనని ఆమె భయం.

"మనింట్ల ముగ్గుపిండి ఏడిదే?"

"యాదవ్వింట్ల ఉంటది గద."

యాదవ్వ ఇల్లు రేవు పక్కనే. సత్తవ్వ వాకిట్లో నిలబడి అడిగితే ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ప్రభువు నమ్మినోళ్లకు ముగ్గుపిండి ఎందుకు వదినా?"

"మా కోడలు ఇంజనుకు ముగ్గేస్తదట."

"అట్లనా. జర మంచిగ ఎయ్యిమను. మా చెల్లె లగ్గానికి అటు ఒడ్డుకు పోవాలె."

నవ్వు వద్దనుకున్నా సత్తవ్వకు నవ్వు వచ్చింది. రెండు దోసిళ్ల పిండి కొంగులో కట్టుకుని తెచ్చింది.

లిడియా హెడ్డును డీజిలుతో తడిపింది. పగులు ఉంటే డీజిలు అందులోకి దిగుతుంది. కాసేపు నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచింది. తుడిచిందంటే అద్దంలా తుడిచింది. దాని మీద పిండిని జల్లింది, వేళ్ల నడుమ నుంచి పలుచగా, ముగ్గు తెలిసిన ఆడదానిలాగే. ఇనుమంతా తెల్లబడింది.

నలుగురూ దాని చుట్టూ కూర్చున్నారు. పీనుగు చుట్టూ కూర్చున్నట్టే ఉంది. గంగ మీది గాలికి పిండి లేచిపోకుండా సత్తవ్వ కొంగు అడ్డం పట్టింది.

నడిమి సిలిండరు దగ్గర, రెండు వాల్వుల మధ్య, తెలుపు మీద సన్నగా ఒక తడిగీత లేచింది. వెంట్రుక అంత. చూస్తుండగానే నల్లబడి, రెండు వాల్వులనూ కలిపింది.

"అగ్గో," అన్నాడు జాన్సన్. అతని గొంతులో సంతోషం లేదు. పగిలింది తను కట్టిన ఇంజనే కదా.

"ఎక్కువ బిగిస్తే గూడ పగులుతది," అన్నాడు అబ్రహాం. మాట గట్టిగానే ఉంది, కానీ ఈసారి అందులో నమ్మకం తక్కువ.

"ఎక్కువ బిగిస్తే బోల్టు బొక్క కాడ పగులుతది మామా. ఇది వాల్వుల నడుమ పగిలింది. అన్నిట్ల కంటె ఎక్కువ కాలేది గక్కడ. పొయ్యి మీద కాలిన కుండల సల్లనీళ్లు వోస్తే ఎట్ల పగులుతదో గట్ల పగిలింది."

జాన్సన్ అప్పటికే బోటు అడుగుకు వంగి, గంగనీళ్లు లోపలికి వచ్చే జల్లెడ విప్పి చూస్తున్నాడు. చెత్త లేదు. నీళ్లు తోడే పంపు విప్పాడు. రబ్బరు రెక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ సముద్రపు ఇంజను తన నీళ్లు తానే నది నుంచి తోడుకుంటుంది, ఒళ్లు చల్లబరుచుకుని మళ్లీ నదిలోకే వదిలేస్తుంది. దారి ఎక్కడా మూసుకుపోలేదు.

"నీళ్లు మంచిగనే తిరిగినయి," అన్నాడు. "మరి గంతగనం ఎట్ల కాలింది?"

అబ్రహాం పంపును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

అప్పుడే ఉపేందర్‌రావు కారు దిగి వచ్చాడు. తెల్లటి పంచె, కళ్లకు నల్లద్దాలు. పిండి చల్లిన హెడ్డును, పలక మీది సంచినీ ఒకసారి చూశాడు.

"ఏమైందవ్వా, తేలిందా?"

"సగం తేలింది సార్. నిన్న సచ్చిపోయింది సరిగ్గ ఎప్పుడు? మీరు బోటుల్నే ఉంటిరట గద."

"నడి గంగల. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టినం, పసుపు కుంకుమ ఇడిసినం. అబ్రహాం మల్ల స్టార్ట్ చేసిండు. గప్పుడే తెల్లపొగ లేసింది."

లిడియా చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది.

ఆమెకు అంతా ఒక్కసారే కనపడింది, దీపం తెచ్చిన గదిలాగా. పొద్దుటి నుంచి ఆమె వెతికింది ఒక్కటే: ఈ తప్పు మొగుని నెత్తి మీది నుంచి దించాలి. దించితే అది ఎవరి నెత్తిన కూర్చుంటుందో ఆలోచించలేదు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. పాత ఇనుము, పగిలింది అంటే సరిపోతుంది. కానీ పలక మీద సంచి అలాగే ఉంది. జాన్సన్ ఆమె ముఖమే చూస్తున్నాడు.

"మామా," అంది. "నడి గంగల మీరు ఇంజను బందు జేస్తరు గదా."

"జేస్త. మా బాపు తెడ్డేసిన కాలం సంది ఆగుతనే ఉన్నం. మన దేవుడు వేరైతేంది, దాటేటోళ్లకు గంగ తల్లి. వాళ్లు మొక్కేటప్పుడు సప్పుడు ఉండద్దు."

"పాత ఇంజనుకు నీళ్లు దాని తొట్టిల్నే ఉంటుండె. బందు జేసినా మల్ల నడిపినా అవ్వే కాగిన నీళ్లు. దానికి ఏం కాకపోతుండె. ఇది గట్ల కాదు మామా. నిండ బరువు మీద ఉరికొచ్చి ఒక్కసారి ఆగితే నీళ్ల తిరుగుడు గూడ ఆగుతది. లోపలి ఇనుము ఎర్రగ మండుతది. మీరు మల్ల నడిపిండ్రనుకో, సల్లని గంగ వచ్చి దాని మీద పడుతది. దినాం గంతే. ఇయ్యాల కాకుంటే రేపన్న పగిలేదే."

అబ్రహాం హెడ్డు వైపు చూశాడు. తెల్లటి పిండి మీద నల్లగీత ఇంకొంచెం లావెక్కింది.

"ఆపుడు వద్దంటలేను," అంది లిడియా తొందరగా. "గేరు తీసి, ఇంజనును సిన్నగ నడవనిస్తే సాలు. నీళ్లు తిరుగుతనే ఉంటయి."

"గా సప్పుడుల తల్లికి ఏం ఇనపడుతది బిడ్డా?"

ఒడ్డున గేదెలు నీళ్లలోకి దిగుతున్నాయి. సత్తవ్వ పట్టుకున్న కొంగు వదిలేసింది. గాలికి పిండి లేచి అందరి మీదా పడింది.

ఉపేందర్‌రావు గొంతు సవరించుకున్నాడు. "తప్పు ఎవరిదో నాకొద్దు. రాములోరి నవమికి జనం దాటుతరు. అప్పటికి బోటు నడవాలె. కొత్త హెడ్డు ఏడ దొరుకుతది?"

"ఇది పుట్టింది లారీకే సార్," అంది లిడియా. "సముద్రానికని తర్వాత మార్చిండ్రు. లారీ హెడ్డే సరిపోతది. పాత లారీలు విప్పేకాడ దొరకాలె."

"నాందేడ్," అన్నాడు అబ్రహాం. అంతే అని, లేచి పలక దిగి ఇంటి వైపు నడిచాడు.

*

వాళ్లు ఇల్లు చేరేసరికి అబ్రహాం అరుగు మీద ఉన్నాడు. రెండు చేతులు కడుక్కుని, తడి తలకు నూనె రాసుకుని, తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

"సంచి తే," అన్నాడు కొడుకుతో. నిన్నటి నుంచి అన్న మొదటి మాట అదే.

జాన్సన్ ఇచ్చాడు. అబ్రహాం జిప్పు లాగి కొడుకు చొక్కాలు తీసి అరుగు మీద పెట్టాడు. తన చొక్కా ఒకటి, పంచె ఒకటి లోపల పెట్టాడు. బైబిలును తీయలేదు. తువ్వాలలోని రెంచిని తీసి కాసేపు చేతిలో తూచాడు. కొడుకు చేతిలో పెట్టాడు.

"గడియారం ఈడ ఉండాలె," అన్నాడు. "కొత్త హెడ్డు నువ్వే బిగియ్యాలె."

జాన్సన్ సంచి పట్టీ పట్టుకున్నాడు. "బాపూ, నాందేడుకు నేను పోత."

"నీకు మరాఠీ రాదు. ఆ సామాను బజారోళ్లు నీకు లారీది అని ట్రాక్టరుది అంటగడుతరు. నేను పొలం ఇంజన్లకు దిరిగిన బజారే అది. సంచి ఎట్లయినా కట్టింది కట్టిండ్రు, ఉత్తగ పోవద్దు."

సత్తవ్వ రొట్టెలు, ఎల్లిగడ్డ కారం, రెండు ఉల్లిగడ్డలు గుడ్డలో కట్టింది. కొడుకు కోసం చేసినవే. మొగుని చేతికి ఇస్తూ, "గా ముసలి కాళ్లతోని గింత బిరాన ఎందుకు? రేపు పోరాదా?" అంది.

"నవమి దగ్గరికొచ్చె."

లిడియా వాకిట్లో ఎదురు నిలబడింది. ఆమె గెలిచింది. మొగుడు ఇంట్లో ఉన్నాడు, రెంచి ఇంట్లో ఉంది. అయినా ఆమె ఆయన దారి నుంచి పక్కకు జరగలేదు.

"మామా, అందరి ముంగట నేను..."

"నిన్న అందరి ముంగట వాణ్ని నేనన్న. ఇయ్యాల అందరి ముంగట నన్ను నువ్వన్నవు. చెల్లుకు చెల్లు బిడ్డా." ఆయన నవ్వాడు. ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు. "నువ్వు అన్నది నిజమే గద. నిజానికి పరేషాన్ గాకు."

గడప దిగి, సంచి భుజం మార్చుకుని, వెనక్కి తిరిగి సత్తవ్వను చూశాడు.

"పోయొస్త," అన్నాడు.

సత్తవ్వ తలూపింది. కొడుకు నోట రాని మాట మొగుని నోట వచ్చిందని ఆమె నిమ్మళంగా లోపలికి పోయి పొయ్యి ఆర్పింది. జాన్సన్ బైకు మీద తండ్రిని లక్షెట్టిపేటలో దించి, నాందేడు దారిలోని నిర్మల్ బస్సు కదిలేదాకా ఉండి వచ్చాడు. కిటికీలోంచి బాపు చెయ్యి ఊపిండని చెప్పాడు. అడగకపోయినా రెండుసార్లు చెప్పాడు.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం చర్చిలో సత్తవ్వ పక్కన ఆయన జాగా ఖాళీగా ఉంది. సోమవారం ఒక లారీ రేవు దాకా వచ్చి, గోనెలో చుట్టిన హెడ్డును దించింది. ముసలాయన నాందేడులో దగ్గరుండి ఎక్కించాడని, నువ్వు ముందు నడువు, నేను ఎనుక వస్త అన్నాడని డ్రైవరు చెప్పాడు. ఆయన ఫోనుకు చేస్తే అది ఇంట్లోనే మోగింది, అరుగు మీద మడిచి పెట్టిన జాన్సన్ చొక్కాల కింద.

లిడియా గోనె ముందు కూర్చుంది. తాడు మీద ఆ ముడే ఉంది. ఆయన చేస్తుండగా ఎన్నోసార్లు చూసిన కొసను వెతికి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అది జారి విడిపోయింది.

హెడ్డు లారీదే. పగులు లేదు. జాన్సన్ నడుమ నుంచి చివరలకు, వరుస మీద వరుస బిగించాడు. నవమికి బోటు నడిచింది. నడి గంగలో గేరు తీసి ఇంజనును చిన్నగా నడవనిస్తే, జనం ఆ చప్పుడులోనే కొబ్బరికాయలు కొట్టారు.

అబ్రహాం రాలేదు. ఎటు పోయాడో, ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. మట్టల ఆదివారానికి ముందటి శుక్రవారం పగటిపూట నిర్మల్ బస్సెక్కినవాడు ఆ ఇంటికి మళ్లీ ఎన్నడూ రాలేదు.